సముద్రపు గాలిలో రెజిన్ గోడ చిత్రం: ఏ పలక, ఏ రెజిన్, ఏ నెల

రెండు ద్రవాలు కలిపి పోస్తే గాజులా గట్టిపడే ఎపాక్సీ రెజిన్‌తో గోడకు అలంకారం చేసుకోవాలనుకునేవారు మొట్టమొదట అడిగేది “ఏ కంపెనీ రెజిన్ కొనాలి?” అని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి అది నాలుగో ప్రశ్న. చిత్రం ఏ గోడకు వేలాడుతుందన్నది మొదటిది. దాని కింద ఏ పలక ఉంటుందన్నది రెండోది. ఏ నెలలో, ఏ వేళలో పోస్తారన్నది మూడోది. ఈ మూడూ తేలితే నాలుగోదానికి జవాబు చాలావరకు దొరికినట్టే. యూట్యూబ్‌లో మనం చూసి ముచ్చటపడే పనితనంలో ఎక్కువ భాగం పొడి గాలి ఉన్న చోటో, ఏసీ గదిలోనో జరిగినది. కళింగపట్నం, చింతపల్లి తీరాల వైపు నుంచి వీచే గాలి ఆ వీడియోల లెక్కలో లేదు.

ముందు గోడ సంగతి

రెజిన్‌కు ఎండ పడదు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు తగిలేకొద్దీ ఎపాక్సీ పసుపు రంగుకు తిరుగుతుంది. డబ్బా మీద ‘యూవీ రక్షణ’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, ఆ మార్పు ఆలస్యమవుతుందే తప్ప ఆగదు. కాబట్టి పడమటి కిటికీకి ఎదురుగా ఉన్న గోడను ఈ పనికి వదిలేయడం మేలు. తప్పదంటే రంగుల విషయంలో జాగ్రత్త పడవచ్చు. తెలుపు, పారదర్శక భాగాలు ఎక్కువగా ఉన్న చిత్రంలో పసుపు ఛాయ ఇట్టే కనిపిస్తుంది. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, రాగి రంగు చిత్రాల్లో అదే మార్పు ఏళ్ల తరబడి కంటికి ఆనదు. వెలుతురు గదికి ముదురు రంగులు, నీడ గదికి తెల్లని అల నురగల చిత్రాలు అని గుర్తుంచుకుంటే చాలు.

రెండోది వేడి. ఇలాంటి చిత్రాలకు వాడే చాలా ఆర్ట్ రెజిన్లు సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడడం మొదలుపెడతాయి. మే నెలలో పై అంతస్తు గదిలో, నేరుగా ఎండ పడే గోడ మీద ముదురు రంగు పలక ఆ వేడికి చేరడం పెద్ద విషయం కాదు. మెత్తబడిన రెజిన్ కారిపోదు కానీ, దానికి ఆనుకుని ఏదైనా ఉంటే ఆ అచ్చు పడిపోతుంది.

మూడోది చెమ్మ. కింది అంతస్తులో వానాకాలం చెమ్మ ఎక్కే గోడలు మన దగ్గర తక్కువేమీ కాదు. అలాంటి గోడకు పలకను పూర్తిగా ఆనించకుండా, వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్ళలు అంటించి గాలి ఆడే సందు వదలాలి. కొక్కేలు, మరలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి. మామూలు ఇనుప మర తుప్పు పట్టాక చిత్రం కిందకీ గోడ మీదకీ ఎర్రటి చారలు దిగుతాయి.

పలక: ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు

ఆన్‌లైన్లో తయారుగా దొరికే గుండ్రటి పలకలు, గడియారం పలకలు దాదాపు అన్నీ ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కి చేసిన బోర్డు. చవక, నున్నగా ఉంటుంది, ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండవు. రెజిన్ సమంగా పరుచుకుంటుంది. హైదరాబాదులోనో అనంతపురంలోనో అయితే నేను కూడా అదే కొనమంటాను. తీరానికి దగ్గరగా ఉన్న ఇంట్లో మాత్రం దాని వెనక వైపు, అంచులు తేమను పీల్చుకుని ఉబ్బుతాయి. ముందు భాగం రెజిన్‌తో మూసుకుపోయి, వెనక భాగం తెరిచి ఉంటే పలక ఒక వైపే ఉబ్బి వంగుతుంది. వంగిన పలకను మళ్ళీ తిన్నగా చేసే మార్గం లేదు. ఎండీఎఫ్ వాడాలనుకుంటే వెనక, అంచులు, కొక్కేనికి వేసిన రంధ్రం లోపలితో సహా అన్నిటికీ ప్రైమరో వార్నిషో రెండు పూతలు వేశాకే రెజిన్ డబ్బా తెరవండి. అడుగు లోపు గడియారాలకు ఇది సరిపోతుంది.

అంతకంటే పెద్దదైతే ప్లైవుడ్‌కు మారాలి. దుకాణంలో ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటను నమ్మకుండా పలక మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి. మెరైన్ ప్లైవుడ్‌కు ఉండే ప్రమాణం అది. ఐఎస్ 303 ముద్ర ఉన్నది ఇంట్లో సాధారణ వాడకానికి. పొడిగా ఉండే గదికి చాలు. ప్లైవుడ్‌తో చిక్కు వేరే ఉంది. పై పొర చెక్క నారలో ఇరుక్కున్న గాలి, రెజిన్ పోశాక గంటసేపు బుడగలుగా పైకి తేలుతూనే ఉంటుంది. ముందుగా ఉప్పుకాగితంతో రుద్ది, తెల్ల యాక్రిలిక్ ప్రైమర్ రెండు పూతలు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఈ మధ్య వడ్రంగులు వంటింటి అరలకు వాడుతున్న హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమను తట్టుకునేలా దట్టంగా నొక్కి చేసిన) బోర్డు ఎండీఎఫ్ అంత నునుపుగా ఉంటూ, తేమను దానికంటే బాగా తట్టుకుంటుంది. వడ్రంగి పని జరుగుతున్న ఇంట్లో అడిగితే తెగిన ముక్కలు తేలిగ్గా దొరుకుతాయి. రెండు అడుగుల లోపు చిత్రానికి నా ఓటు దానికే.

బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. రెండు అడుగులకు మూడు అడుగుల పలక, 12 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్‌ది అయితే నాలుగు కిలోలు పైనే తూగుతుంది. మీద మూడు మిల్లీమీటర్ల రెజిన్ పొర ఇంకో రెండు కిలోలకు దగ్గర. దీన్ని రెండు వైపులా అంటుకునే టేపుతో డిస్టెంపర్ గోడకు తగిలించేవాళ్ళూ ఉన్నారు. టేపు పట్టుకునేది గోడను కాదు, డిస్టెంపర్ పొడిని. డ్రిల్లింగ్ వేసి, ప్లగ్గు దిగ్గొట్టి, మర బిగించాల్సిందే.

కాన్వాస్ గురించి ఎక్కువ చెప్పను. రెజిన్ బరువుకు మధ్యలో కుంగి అక్కడ మడుగు కడుతుంది. కాన్వాస్ కావాలనుకుంటే చెక్క పలక మీద అంటించినది తీసుకోండి.

అసలు చెక్క మాటకొస్తే, బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ తొలిచి చేసే ప్రాంతం మనది. పనస చెక్క ముక్క, మధ్యలో నీలి రెజిన్ పాయ ఉన్న గోడ పలక చూడటానికి గొప్పగా ఉంటుంది. అయితే పనస లేత పసుపు రంగు కాలం గడిచేకొద్దీ గోధుమ రంగులోకి దిగుతుంది. ఆ ముదిరిన రంగును ఊహించుకుని రెజిన్ రంగు ఎంచుకోవాలి. ఇక టింబర్ డిపోలో అడిగితే “ఎండింది బాబూ, ఏడాదయింది కోసి” అంటారు. నమ్మడానికి, నమ్మకపోవడానికి మధ్య ఒక మార్గం ఉంది. ముక్కను ఇంటికి తెచ్చి తూచి, తేదీతో రాసుకోండి. వారం ఆగి మళ్ళీ తూచండి. బరువు తగ్గుతూ ఉంటే లోపల ఇంకా నీరుందని అర్థం. పచ్చి చెక్క మీద పోసిన రెజిన్ బుడగలు కక్కుతుంది, తరవాత అంచుల దగ్గర విడిపోతుంది. చెక్కలో తేమ కొలిచే మీటరు ఉంటే 12 శాతం లోపు ఉండేలా చూసుకోవాలి.

ఇప్పుడు రెజిన్

హార్డ్‌వేర్ దుకాణంలో ‘రెజిన్’ అని అడిగితే తరచుగా చేతికి వచ్చేది పాలియెస్టర్ రెజిన్. మన మత్స్యకారుల ఫైబర్ పడవలకు, నీళ్ళ ట్యాంకుల మరమ్మతుకు వాడేది అదే. ఎపాక్సీ కంటే బాగా చవక. ఘాటైన స్టైరీన్ వాసన వీధి చివరి దాకా వెళుతుంది, గట్టిపడేటప్పుడు ఎపాక్సీ కంటే ఎక్కువగా కుంచించుకుపోతుంది, దానికదే కొంత రంగు కలిగి ఉంటుంది. పడవకు అది సరైన సరుకు. పడకగది గోడకు కాదు. రెండు చిన్న గొట్టాల్లో వచ్చే అరాల్డైట్ వంటివి ఎపాక్సీలే కానీ అతికించడానికి చేసినవి, పోయడానికి పనికిరావు. యూవీ రెజిన్ దీపం కింద నిమిషాల్లో గట్టిపడుతుంది. ఒక పొర ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటకూడదు, రంగు ఎక్కువైతే కాంతి లోపలికి వెళ్ళక అడుగున పచ్చిగా ఉండిపోతుంది. చెవిపోగులకు సరే.

గోడ చిత్రానికి నిజమైన పోటీ రెండింటి మధ్యే: ఆర్ట్ రెజిన్, కాస్టింగ్ రెజిన్.

ఆర్ట్ రెజిన్ చిక్కగా ఉంటుంది, పోసిన చోట దాదాపు మూడు మిల్లీమీటర్ల పొరగా నిలుస్తుంది, అరగంటకు అటూ ఇటూగా చిక్కబడడం మొదలుపెడుతుంది. రంగులు ఒకదానిలో ఒకటి పూర్తిగా కలిసిపోకుండా ఉండటానికి ఆ చిక్కదనమే ఆధారం. అలలు, రాతి పొరల డిజైన్లు, పాలరాయి చారలు అన్నీ దీని పనే. కాస్టింగ్ రెజిన్ పలచగా నీళ్ళలా పారుతుంది, రకాన్ని బట్టి ఒకటి నుంచి మూడు రోజుల వరకు తీరిగ్గా గట్టిపడుతుంది, అంగుళం లోతు అచ్చులో పోసినా వేడెక్కి పగలదు. బుడగలు వాటంతటవే బయటకు పోతాయి. చెక్క మధ్య నది పాయకు, పూలు నింపే లోతైన ఫ్రేముకు ఇదే కావాలి. దీన్ని చదునైన పలక మీద పోస్తే అంచుల మీదుగా నేల మీదకు జారిపోతుంది. ఆర్ట్ రెజిన్‌ను లోతైన అచ్చులో పోస్తే లోపలి వేడికి పొగలు కక్కి, పసుపెక్కి, పగుళ్ళు ఇస్తుంది. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతే డబ్బులు రెండింటికీ పెట్టవలసి వస్తుంది.

ఎంత కొనాలి? మూడు మిల్లీమీటర్ల పొరకు చదరపు అడుగుకు సుమారు 300 గ్రాములు. పన్నెండు అంగుళాల గుండ్రటి పలకకు 240 గ్రాములు. అంచుల్లో కారేది, గిన్నెకు అంటుకునేది పదో వంతు కలుపుకోండి. ధరలు పోల్చేటప్పుడు ఒక మెలిక చూడాలి. ‘కిలో ప్యాక్’ అంటే కొందరి దగ్గర రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి కిలో. కొందరి దగ్గర రెజిన్ ఒక్కటే కిలో, హార్డెనర్ అదనం. రెండూ కలిపిన బరువుతో ధరను భాగిస్తే అసలు ధర బయటపడుతుంది.

నిష్పత్తి 2:1 కావచ్చు, 3:1 కావచ్చు, 1:1 కావచ్చు. అది తూకం ప్రకారమా, కొలత ప్రకారమా అన్నది డబ్బా మీద చదవండి. హార్డెనర్ సాధారణంగా రెజిన్ కంటే తేలిక కాబట్టి రెండు లెక్కలూ ఒకటి కావు. కొత్తవారు తూకం ప్రకారం కలిపే రకం కొనుక్కోవడం మంచిది. ఒక గ్రాము దాకా చూపించే డిజిటల్ తూకం ఉంటే సందేహానికి చోటు ఉండదు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ నాలుగు చుక్కలు ఎక్కువ వేసేవారికి దక్కేది ఎప్పటికీ జిగట వదలని పలక.

నెల, వేళ

ఎపాక్సీకి 22 నుంచి 28 డిగ్రీల వేడి, తక్కువ తేమ హాయి. గాలిలో తేమ 80 శాతం దాటితే పైన మైనం లాంటి జిడ్డు పొర కడుతుంది. గట్టిపడ్డాక గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది ఇంకో పొర వేసి దాన్ని సరిదిద్దవచ్చు. తేమ లోపలికే వెళ్ళి పొర తెల్లగా మసకబారితే మాత్రం చేయగలిగింది లేదు. వర్షాకాలంలో మన తీరంలో తెల్లవారి తేమ ఆ గీతను దాటడం మామూలే. అందుకే గాలిలో తేమను చూపే కొన్ని వందల రూపాయల మీటరు, వేల రూపాయల ఖరీదైన రెజిన్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అయినా పొద్దున్నే మొదలుపెట్టకండి. మంచు విడిచి, ఎండ కాసి, తేమ దిగాక పదకొండు గంటల వేళ పోస్తే, గట్టిపడే తొలి గంటలు పొడిగాలిలో గడుస్తాయి. చలికి రెజిన్ డబ్బాలో తెల్లని పలుకులు కడితే పారేయనక్కర లేదు; మూత బిగించి వేడి నీళ్ళలో కాసేపు ఉంచితే కరిగి మళ్ళీ తేటపడుతుంది.

మే నెలలో ఇబ్బంది తేమ ఒక్కటే కాదు. వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు చేతిలో ఉండే రెజిన్, 35 దగ్గర ఇరవై నిమిషాలే ఉంటుంది. కొద్దికొద్దిగా కలుపుకోవాలి. కలిపినది గిన్నెలో కుప్పగా ఉంచకుండా వెడల్పాటి పళ్ళెంలో పరచాలి.

అక్టోబరుతో చిక్కు ఎక్కువ. విజయనగరంలో సిరిమానోత్సవం, ఆ వెనకే దీపావళి. కానుకల కోసం అడిగేవారు అప్పుడే ఎక్కువ. ఈ తీరానికి తుఫానుల నెల కూడా అదే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెలలో పోయక తప్పదంటే ఏసీ గది ఒక్కటే దారి. గంట ముందే డ్రై మోడ్‌లో పెట్టి, తేమ మీటరు 60 దగ్గరకు వచ్చాక పని మొదలుపెట్టాలి. ఆ రాత్రి ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు.

తొలకరి సాయంత్రాల గురించి ఏ వీడియోలోనూ చెప్పరు. ట్యూబులైటు వెలిగిందో లేదో ఉసిళ్ళు ముసురుతాయి. తడి రెజిన్ మీద ఒక్కటి వాలినా రెక్కలు ఊడిపోయి, అవి తియ్యబోతే గీతలు పడి, పట్టకారుతో గంట పని. పోసిన వెంటనే పలకను అట్టపెట్టెతో కప్పి, దీపం ఆర్పి, తలుపు వేసేయండి.

రంగు, వేడి గాలి

మైకా పొడి మెరుస్తుంది, పిగ్మెంట్ పేస్ట్ నిండుగా కప్పుతుంది. అల నురగకు కావాల్సింది తెల్ల పేస్ట్. తెల్ల మైకాతో నురగ రాదు, వెండి మబ్బు వస్తుంది. రంగు ఏదైనా మొత్తం బరువులో ఐదారు శాతం దాటనివ్వకండి.

బుడగలు పోగొట్టడానికి గ్యాస్ టార్చ్, అలలు తొయ్యడానికి హీట్ గన్. రెండింటిలో ఒకటే కొనాలంటే హీట్ గన్. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ గాలి ఎక్కువ, వేడి తక్కువ కాబట్టి దుమ్ము తెచ్చి పోస్తుంది.

అల పుట్టే క్షణం మీదే ఈ పని అంతా ఆధారపడి ఉంది. పలకను రసమట్టంతో చూసి సమంగా పెట్టి, నీలం, పచ్చ రెజిన్లు పరిచాక, ఒడ్డు అంచు వెంట పెన్సిలంత లావున తెల్ల గీత పోస్తారు. హీట్ గన్‌ను వాలుగా పట్టి ఆ గీతను నీలం మీదకు తోస్తే తెలుపు పలచబడి, దానిలో చిన్న చిన్న కన్నాలు విచ్చుకుంటాయి. వాటిలోంచి అడుగు నీలం తొంగిచూస్తుంది. రెజిన్ మరీ పలచగా ఉండగా తోస్తే తెలుపు నీలంలో కలిసి పాలనీళ్ళవుతుంది. ఆలస్యమైతే గీత కదలక గట్టులా నిలిచిపోతుంది. కర్ర ముంచి ఎత్తినప్పుడు తీగపాకంలా సాగాలి, అప్పుడే తోయాలి. జనవరిలో ఆ దశ కోసం కూర్చుని ఎదురుచూడవచ్చు. మేలో అది వచ్చిపోయిందని తెలిసేసరికే చేయి దాటిపోతుంది.

పూలదండలు, ఖద్దరు, సవర బొమ్మలు

పెళ్ళి దండలను రెజిన్‌లో పెట్టించుకోవడం ఇప్పుడు పెద్ద వాడుక. ఇంట్లో మొదటి ప్రయత్నంగా దీన్ని ఎంచుకోవద్దు. పూలను తేమ పీల్చే సిలికా జెల్ గుళికల్లో రోజుల తరబడి పూర్తిగా ఎండబెట్టాలి, కాస్టింగ్ రెజిన్‌ను పొరలు పొరలుగా పోయాలి. తెల్ల పూలు గోధుమ రంగుకు, ఎర్ర గులాబీలు నల్లటి ఎరుపుకు తిరుగుతాయి. మళ్ళీ దొరకని వస్తువు మీద చేయి సాధన చేయడం న్యాయం కాదు.

పొందూరు ఖద్దరు ముక్కను పలక మీద పరిచి పైన రెజిన్ పోయాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. నేరుగా పోస్తే బట్ట తడిసినట్టు నల్లబడి, పారదర్శకమై, కింది చెక్క కనిపిస్తుంది. ముందుగా పారదర్శక యాక్రిలిక్ పూత రెండు వైపులా వేస్తే కొంతవరకు ఆగుతుంది. అయినా వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, చేత్తో వడికిన నూలు అందం దాని గరుకులో ఉంది. దాన్ని గాజు కింద పెట్టినట్టు చేయడం నాకు నచ్చదు. సవర గిరిజనుల చిత్రాల రీతి బొమ్మలకైతే రెజిన్ బాగా నప్పుతుంది. ఎర్రమట్టి రంగు పూసిన పలక మీద తెల్ల యాక్రిలిక్‌తో గీసి, ఒక రోజు ఆరనిచ్చి, పలచటి పారదర్శక పొర ఒక్కటి పోస్తే గీతలు నిలుస్తాయి, నేల రంగు లోతెక్కుతుంది.

ఒంటికి సంబంధించినది

గట్టిపడని ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ పుడుతుంది. ఒకసారి పుట్టిందంటే జీవితాంతం ఉండిపోవచ్చు. నైట్రైల్ చేతి తొడుగులు తప్పనిసరి. గుడ్డ మాస్కు ఆవిర్లను ఆపదు, రసాయన ఆవిర్లను పీల్చుకునే ‘ఆర్గానిక్ వేపర్’ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. ఉప్పుకాగితం పనికి ఎన్95 చాలు. చర్మం మీద పడితే స్పిరిట్‌తో తుడవకుండా సబ్బు నీళ్ళతో కడగాలి. మిగిలినది మురుగు కాలువలో పోయకండి, గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి. ‘వాసన లేని’ రెజిన్ అంటే ఆవిర్లు లేనిది అని కాదు. పసిపిల్లలున్న ఒక్క గది ఇంట్లో ఈ పని వద్దు. అలాంటివారికి యాక్రిలిక్ రంగులు పోసి, పైన నీటి ఆధారిత వార్నిష్ వేసే పద్ధతి ఉంది. అద్దంలాంటి లోతు రాదు కానీ, తలనొప్పి కూడా రాదు.

చేసుకోవాలా, చేయించుకోవాలా

ఒకే ఒక్క చిత్రం కావాలంటే చేయించుకోవడమే లాభం. తూకం, హీట్ గన్, మాస్కు, మీటరు, రంగుల డబ్బాలు అన్నీ కొంటే మొదటి చిత్రం ఖర్చు బజారు ధరను దాటుతుంది. మూడు నాలుగు చేయాలన్న ఉత్సాహం ఉంటే సామాను ఖర్చు పంచుకుపోతుంది. అడుగు గడియారంతో మొదలుపెట్టి, పెద్ద పలకను మూడో ప్రయత్నానికి ఉంచుకోండి.

చేయించుకునేటప్పుడు పలక దేనితో చేశారో, ఏ నెలలో పోశారో అడగండి. పోసి కనీసం వారం అయి ఉండాలి. పూర్తి గట్టిదనం రావడానికి అంత పడుతుంది. కిటికీ వెలుతురును పక్కనుంచి పడనిచ్చి చూస్తే జిడ్డు పొర, గుంటలు తెలిసిపోతాయి. తరవాత చిత్రాన్ని వెనక్కి తిప్పమనండి. ప్రైమర్ లేని పచ్చి ఎండీఎఫ్ కనిపిస్తే, ముందు వైపు అల ఎంత బాగున్నా బేరం ఆపేయండి.